మా పిల్లను మిలిటరీ వద్దంది

యుద్ధం సినిమాల్లో అమ్మలను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొడుకు రైలెక్కేటప్పుడు నుదుట బొట్టు పెట్టి పంపిస్తుంది. మధ్యలో ఒకసారి ఫోన్‌లో "తిన్నావా నాయనా" అంటుంది. చివర్లో జెండా కప్పిన పెట్టె ముందు కన్నీళ్ళు మింగుకుని సెల్యూట్ కొడుతుంది. అక్కడితో ఆమె పని అయిపోతుంది, హాల్లో జనం చప్పట్లు కొడతారు. చుట్టాలందరూ వెళ్ళిపోయాక ఆమె వాడి బట్టలు ఏం చేసిందో, మర్నాడు పాలవాడు తలుపు కొడితే లేచిందో లేదో ఏ డైరెక్టరూ చూపించడు. చూపిస్తే టికెట్లు తెగవు మరి.

మేం హోసూరులో కిరాణా అంగడి నడుపుతాం. మా ఆయన తాత పెట్టిన అంగడి అది. ఆయన గల్లా దగ్గర కూర్చుంటాడు, నేను లోపల సరుకు చూసుకుంటాను. ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన వేళ తమిళంలో, బెంగళూరు బస్సు దిగినవాళ్ళతో కన్నడంలో, తక్కినప్పుడు తెలుగులో మా బేరాలు సాగుతాయి. మాకు ఒక్కతే కూతురు. రోజూ బస్సులో కృష్ణగిరి వెళ్ళి కాలేజీలో డిగ్రీ చదివేది. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి ముగ్గురం సినిమాకు పోవడం మా ఇంటి అలవాటు. తెలుగు సినిమా ఏదొచ్చినా పోతాం. బాగుందా లేదా అన్నది ఇంటికొచ్చి అన్నాలు తింటూ పోట్లాడుకుంటాం.

అలాంటి ఒక ఆదివారం యుద్ధం సినిమాకు పోయాం. హీరో ఒక్కడే మంచు కొండ ఎక్కి అవతలి వాళ్ళ డేరాలన్నీ పేల్చేస్తున్నాడు. మా పిల్ల రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. ముందు వరస వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నేను దాని తొడ మీద ఒకటి వేశాను, మా ఆయన మాత్రం మురిసిపోయాడు. సినిమా వదిలాక రోడ్డు పక్కన చెరకురసం తాగుతుంటే అది చల్లగా చెప్పింది.

"అమ్మా, నేను మిలిట్రీకి పోతాను."

"సినిమా చూసి చెప్తా ఉండావా?"

"సినిమా చూసి కాదు. ఎన్‌సీసీలో చేరినప్పటినుంచీ అనుకుంటా ఉండాను. ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా తీసుకుంటా ఉండారు."

"తీసుకోనీ. ఊర్లో ఇంకెవురూ ఆడపిల్లలు లేరా?"

మా ఆయన గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "పోనీలేవే. మా ఇంట్లో తాత, నాయన, నేను అందరం కందిపప్పు తూచినోళ్ళమే. ఒకరైనా తుపాకి పట్టుకోనీ."

ఆ మాట గాలికి పోతుందనుకున్నాను. పోలేదు. మర్నాటి నుంచే పిల్ల తెల్లారేసరికి బూట్లు వేసుకుని తయారయ్యేది. మా ఆయన స్కూటర్ మీద కెలవరపల్లి డ్యాం దగ్గరికి తీసుకుపోయేవాడు. అది రోడ్డు మీద పరుగెత్తుతుంటే ఆయన వెనకాలే మెల్లగా బండి నడిపేవాడు. ఆ నీళ్ళ సంగతి హోసూరులో అందరికీ తెలుసు. గేట్లు ఎత్తినప్పుడు ఏటి మీద తెల్లగా నురగ లేస్తుంది, గాలి గట్టిగా వీస్తే పొలాల్లోకీ రోడ్డు మీదికీ ఎగిరివస్తుంది. దాని వాసన ముక్కు పగలగొడుతుంది. పరుగు నుంచి వచ్చి పిల్ల గుమ్మం దగ్గరే కూర్చుండిపోయేది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, నోరు తెరుచుకుని రొప్పుతుండేది.

"ఏమే, అట్ల ఎగపోస్తా ఉండావు?"

"నురగ వాసనమ్మా. గొంతు పట్టేస్తా ఉండాది."

మిరియాలు, తులసి వేసి కషాయం కాచి ఇచ్చేదాన్ని. పరుగెత్తి వచ్చినవాళ్ళు రొప్పకుండా ఉంటారా అని నాకు నేనే చెప్పుకున్నాను. పైగా నాకు అంతకన్నా పెద్ద దిగులు ఉండనే ఉంది. దాని పరుగు రోజురోజుకూ బాగుపడుతోందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు.

ఇంతలో సరిహద్దులో బాంబులు పడ్డాయి. అంగడి గోడకున్న టీవీలో ఒకటే కేకలు. ఎర్ర అక్షరాలు, మంటలు, సైరన్లు. ఆ రోజుల్లో మా అంగడికి వచ్చిన ప్రతివాడూ సైన్యానికి సలహా ఇచ్చేవాడే. మా వీధిలో ఉండే ఒకాయన అర కిలో ఉల్లిపాయలు తూయించుకుంటూ "ఈ సారి వదలకూడదు. ఆ పక్క ఊర్లన్నీ నేలమట్టం చేసేయాల" అన్నాడు. నేను లోపల చింతపండు కట్టిస్తున్నదాన్ని ఊరుకోలేకపోయాను.

"నీ కొడుకు యాడుండాడప్పా?"

"బెంగళూర్లో. కంప్యూటర్ కంపెనీలో."

"మొదలు వాణ్ణి పంపియ్యి. ఆ పైన నేలమట్టం చేద్దాం."

ఆయన ఉల్లిపాయలు తీసుకుని పోయాడు. "నీ నోటికి ఉండే గిరాకీలు కూడా పోతాయి" అని మా ఆయన చీవాట్లు పెట్టాడు. పోతే పోనీ అన్నాను. యుద్ధం మాట్లాడేవాళ్ళు వేరు, పోయేవాళ్ళు వేరు. ఈ ముక్క టీవీలో ఎవడూ చెప్పడు కాబట్టి ఉల్లిపాయల దగ్గరైనా చెప్పాలని నా పట్టుదల.

ఒక సాయంత్రం టీవీలో చనిపోయిన సైనికుడి ఇల్లు చూపించారు. ఎక్కడిదో చిన్న ఇల్లు, రేకుల కప్పు. తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. మైకు పట్టుకున్న అమ్మాయి ఆమె ముఖం దగ్గరికి వంగి "గర్వంగా ఉందా అమ్మా" అని అడిగింది. ఆ తల్లి మైకు వైపు చూసింది. మళ్ళీ అడిగారు. ఆమె కొంగు సర్దుకుని తల ఊపింది. పక్కకు చూస్తే మా పిల్ల పుట్నాల డబ్బా పట్టుకుని, కళ్ళార్పకుండా టీవీనే చూస్తోంది. దాని ముఖంలో భయం లేదు. అదే నా భయం.

నేను లేచి లోపల దేవుడి పటాల ముందుకు పోయాను. మా ఊళ్ళో కొండ మీద ఈశ్వరుడి గుడి ఉంది. కోరిక తీరితే కింది నుంచి పైదాకా ప్రతి మెట్టుకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కడం ఇక్కడి ఆడవాళ్ళ మొక్కు. ఎవరి కోసం మొక్కుకుంటామో వాళ్ళనూ వెంట తీసుకుపోవాలి. చేతులు జోడించి అడిగాను. "స్వామీ, మా పిల్ల సెలెక్షన్ కాకూడదు. ఎట్లయినా సరే. దాన్ని వెంటబెట్టుకుని వచ్చి నీ మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడతాను." ఎట్లయినా సరే అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరూ అనిపించలేదు.

కొన్ని రోజులకు బాంబులు ఆగాయి. మరికొన్ని నెలలకు సెలెక్షన్లు వచ్చాయి. తండ్రీ కూతుళ్ళిద్దరూ వేరే ఊరు పోయారు. పొద్దున్నే మా ఆయన ఫోన్ చేసి "పరుగులో పాసయిపోయింది" అని అరిచాడు. గెంతడంలో కూడా పాసయిందట. నేను "సరే" అని పెట్టేసి, అంగట్లో బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను. గిరాకీకి వచ్చిన ఆమె "ఏమమ్మా, ఒంట్లో బాగలేదా" అని అడిగింది.

తర్వాత మెడికల్‌లో తీసేశారు. ఇంటికొచ్చి పిల్ల బూట్లు విప్పి గుమ్మం బయటే పారేసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏమన్నారే?"

"గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తా ఉండాదంట. ఒకరు విని ఇంకొకర్ని పిలిచినారు. ఆయన కూడా విన్నాడు. అన్‌ఫిట్ అన్నారు. బయట గుండె డాక్టరుకు చూపించుకోమన్నారు."

"చప్పుడు లేకుండా ఎవురి గుండె ఉంటాది?" అన్నాడు మా ఆయన. ఆయనకు అవమానంగా ఉంది. అప్పటికే సగం ఊరికి చెప్పేశాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పైవాళ్ళు ఏదైనా కాదంటే, వాళ్ళు చెప్పిన కారణాన్ని ఎవరూ నమ్మరు. రేషన్ కార్డు రాకపోయినా, కరెంటు కనెక్షన్ ఇవ్వకపోయినా, వాళ్ళు చెప్పేది సాకు, అసలు సంగతి వేరే ఉంటుంది అనుకోవడమే తెలివైనవాళ్ళ లక్షణం. చెప్పింది చెప్పినట్టు నమ్మేవాణ్ణి చూసి నవ్వుతారు. మా పిల్ల సంగతీ అలాగే తేల్చారు. ఆడపిల్లలకు ఉండేవే కాసిని సీట్లు, కావలసినవాళ్ళకు ఇచ్చుకుని మిగిలినవాళ్ళకు ఏదో ఒక జబ్బు అంటగడతారని పక్కింటామె చెప్పింది. "అంత దూరం పరుగెత్తిన పిల్లకు గుండె జబ్బా? చెప్పేవాడికి బుద్ధి లేకపోతే వినేవాళ్ళకుండొద్దా?" అని ఉల్లిపాయలాయన కూడా పాత కోపం మరిచి వచ్చి ఓదార్చాడు. వేప్పనపల్లి దగ్గర మా పుట్టింటి నుంచి మా అమ్మ ఫోన్ చేసి అదే మాట అంది. మేం ముగ్గురం తలలు ఊపాం.

నాకైతే నెత్తిన పాలు పోసినట్టయింది. పిల్ల లోపల పడుకుని ఏడుస్తుంటే నేను వంటింట్లో దానికిష్టమని పాయసం చేశాను. నవ్వు రాకుండా ముఖం పెట్టుకోవడానికి కష్టపడ్డాను. నా పిల్ల నా ఇంట్లో ఉంటుంది, నా కళ్ళ ముందు బస్సెక్కుతుంది, దిగుతుంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

పెద్దగా ఆలస్యం చేయకుండా ఒక శుక్రవారం పొద్దున పిల్లను వెంటబెట్టుకుని కొండకు పోయాను. పసుపు కలిపిన చెంబు నా చేతిలో, కుంకుమ గిన్నె దాని చేతిలో. నేను వంగి మెట్టుకు పసుపు పూస్తే అది బొట్టు పెడుతూ వచ్చింది. కొంచెం పైకి పోయాక ఆగింది.

"అమ్మా, నాకు సెలెక్షన్ కాలేదు గదా. మరి మొక్కెందుకు తీర్చేది?"

నేను తల ఎత్తలేదు. "నీ మంచికే మొక్కుకున్నాలే. బొట్టు పెట్టు."

"ఏమని మొక్కుకున్నావు?"

అబద్ధం చెప్పి ఉండవచ్చు. చదువు అని చెప్పవచ్చు, ఆరోగ్యం అని చెప్పవచ్చు. కానీ గుడి మెట్ల మీద నోరు పెగల్లేదు. నేను మాట్లాడకపోవడంలోనే దానికి అర్థమైపోయింది.

"నాకు రాకూడదని మొక్కుకున్నావా?"

"నీ తల్లిని నేను. ఇంకేమని మొక్కుకుంటాను?"

అది గిన్నె నా పక్కన పెట్టేసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. కోపంగా, వడివడిగా, వెనక్కి చూడకుండా. "నిదానంగా పోవే" అని అరిచాను. పై మలుపు దగ్గర గోడ పట్టుకుని ఆగింది. తర్వాత మోకాళ్ళ మీద కూలబడింది. నేను పరుగెత్తి పోయేసరికి దాని పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది. ఊపిరి లోపలికి పోవడం లేదు. "నురగ లేదమ్మా ఈడ" అంది, మధ్యలో ఆగి ఆగి. కొండ మీద నురగ లేదు, వాసన లేదు, చల్లని గాలి వీస్తోంది.

పూలమ్మే ఆమె నీళ్ళిచ్చింది. ఇద్దరు మగవాళ్ళు సాయం పట్టి కిందికి దించారు. సగం మెట్లకు పసుపు ఉంది, సగం మెట్లకు లేదు. అలాగే వదిలేసి ఆటోలో ఆసుపత్రికి పోయాం.

స్కాన్ చేసిన డాక్టరమ్మ తెలుగు, తమిళం కలిపి మెల్లగా చెప్పింది. గుండెలో ఒక వాల్వు చెడిపోయింది, రక్తం వెనక్కి కారుతోంది, అందువల్ల గుండె పెద్దదయింది. పరుగులతో దాని మీద ఇంకా బరువు పడింది. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత కీళ్ళనొప్పులు ఏమైనా వచ్చాయా అని అడిగింది. వచ్చాయి. బడి సెలవుల్లో మా అమ్మ దగ్గర మామిడితోపులో ఉన్నప్పుడు వచ్చాయి. ఒకరోజు మోకాలు, ఇంకొకరోజు మడమ, ఆ పైన మోచెయ్యి. పండ్లు ఎక్కువ తిని వేడి చేసిందని మా అమ్మ అంది. ఎదిగే పిల్లకు నొప్పులు రాకుండా ఉంటాయా అని అందరూ అన్నారు. ఆముదం కాచి రుద్దాం, తగ్గిపోయింది. కీళ్ళలో తగ్గిన జబ్బు గుండెలో ఉండిపోయిందని డాక్టరమ్మ చెప్పింది.

"ఇంతవరకూ ఎవురూ చెప్పలేదా మీకు?" అని అడిగింది.

మంచం మీద నుంచి పిల్లే జవాబిచ్చింది. "చెప్పినారు డాక్టర్. మిలిట్రీ డాక్టర్లు చెప్పినారు. మేమే నమ్మలా."

బెంగళూరులో ఆపరేషన్ అన్నారు. ఎదురుచూసిన ఆ వారాల్లో సినిమాలు మానేశాం. అంగడి తీసి ఉన్నా టీవీ పెట్టేవాళ్ళం కాదు. నాకు నిద్ర పట్టేది కాదు, పట్టినా మెట్లే కనిపించేవి. వాల్వు ఎప్పుడో చెడిపోయింది, నా మొక్కుకూ దానికీ సంబంధం లేదు, ఈ సంగతి నాకు తెలుసు. చదువుకున్నదాన్నే. అయినా, నేను అడిగింది అడిగినట్టు జరిగిందన్న మాటను బుర్రలోంచి తీసేయలేకపోయాను. ఎట్లయినా సరే అన్నాను. అట్లే అయింది.

బెంగళూరు ఆసుపత్రి హాల్లో పెద్ద టీవీ ఉంది. సముద్రాలకు అవతల ఎక్కడో ఇంకో యుద్ధం. అక్కడ ఆసుపత్రే కూలిపోయి ఉంది. ఒక తల్లి పిల్లను దుప్పట్లో చుట్టి ఎత్తుకుని, విరిగిన గోడల మధ్య డాక్టరు కోసం వెతుకుతోంది. నా చుట్టూ ఏసీ, వరసగా కుర్చీలు, చేతిలో టోకెన్. నా పిల్ల గుండె కోసి బాగుచేసే చేతులు లోపల సిద్ధంగా ఉన్నాయి. ఆమెకు ఏమీ లేదు. అయ్యో అనుకున్నాను గాని, నిజం చెప్పాలంటే నా మనసు ఆమె మీద ఎక్కువసేపు నిలవలేదు. మా పిల్లను వద్దన్న చోట ఇంకొక పిల్లను తీసుకుని ఉంటారు కదా, ఆ పిల్ల తల్లి ఏం మొక్కుకుని ఉంటుంది అన్న ఆలోచన వచ్చింది. ఊర్లో ఇంకెవురూ ఆడపిల్లలు లేరా అని నేనే అన్నాను. ఉన్నారు. వాళ్ళకూ అమ్మలున్నారు. ఎవరి పిల్ల వాళ్ళ ఇంట్లో ఉండాలని అమ్మలందరూ మొక్కుకుంటే దేవుడు మాత్రం ఎవరి మాట వింటాడు?

ఆపరేషన్ రోజు పొద్దున ఆకుపచ్చ గౌను వేసి, తలకు టోపీ పెట్టి, పిల్లను తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. మా ఆయన దాని కాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. నేను నుదుటి మీద చెయ్యి పెట్టాను. అప్పటికి మెట్ల సంగతి మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. అది నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"అమ్మా, నువ్వు మాత్రం ఏమీ మొక్కుకోవద్దు."

"అట్లంటావేమే?"

"నువ్వు మొక్కుకుంటే జరుగుతాది."

దాని గొంతులో కోపం లేదు. ఎగతాళీ లేదు. ఒంట్లో బాగలేని మనిషి గాలి తగలకుండా కిటికీ మూయమన్నట్టు అడిగింది. నర్సు మంచం తోసుకుపోయింది. నేను ఆ హాల్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పుట్టి బుద్ధి ఎరిగాక దేవుణ్ణి ఏమీ అడగకుండా నేను అంతసేపు ఉండటం అదే మొదలు. అడగకుండా ఉండటం చేతకాదు నాకు. ప్రతి నిమిషం నోటిదాకా వచ్చేది, పళ్ళు బిగించి మింగేసేదాన్ని.

పిల్ల బతికింది. వాల్వు మార్చారు. బతికినంత కాలం రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలి, తరచుగా రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఆ పాత జ్వరం మళ్ళీ రాకుండా కొన్ని వారాలకు ఒకసారి సూది కూడా. ఆ సూది వేసుకున్న రోజు సరిగ్గా కూర్చోలేకపోతుంది. రొమ్ము మీద పైనుంచి కిందికి గాటు. కూరగాయలు నేను తరగనివ్వను, కత్తి తగిలితే రక్తం ఆగదని. సినిమాలకు మళ్ళీ పోతున్నాం. అది ఇప్పుడు ఈల వేయదు. తుపాకుల సినిమా అయితే తనే వద్దంటుంది, నేను ఎందుకని అడగను.

మళ్ళీ కృష్ణగిరి బస్సెక్కుతోంది. ఈ మధ్య ఏదో పరీక్షకు చదువుతోంది. లావుపాటి పుస్తకాలు, పేపర్లో గుర్తులు పెట్టుకోవడం. "దేనికి చదువుతా ఉండావు పాపా?" అని అడిగాను. "సుమ్మనే అమ్మా, ఊరికే" అంది. దానికి ఏం కావాలో వాళ్ళ నాయనకు తెలుసు. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ ఇద్దరూ గల్లా దగ్గర తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటారు. నేను లోపలి నుంచి వస్తే ఆపేస్తారు.